డెల్టా ఇళ్ల నేలకి టేకు పలకలా, ఇంజనీర్డ్ వుడ్డా?

అమలాపురం నుంచి భీమవరం దాకా కొత్తిల్లు కట్టేవాళ్లు గదుల్లో చెక్క నేల వేయించాలనుకున్నప్పుడు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ధర అడుగుతారు, రంగు అడుగుతారు, కింద కాంక్రీటు సంగతి మాత్రం ఎవరూ అడగరు. మన దగ్గర తేల్చేది అదే.

బంకమట్టి నేల, చుట్టూ వరిచేలు, నాలుగడుగులు వేస్తే కాలువ. బేస్‌మెంటు నింపి పోసిన బెడ్ కాంక్రీటు, వత్తి నూనె పీల్చినట్టు కింది తేమని పైకి లాగుతుంది. పోసేటప్పుడు అడుగున పాలిథీన్ పరవకపోతే ఏళ్లు గడిచినా అది పూర్తిగా ఆరదు. పరీక్ష తేలికే. 18 అంగుళాల చదరం పాలిథీన్ ముక్కని కాంక్రీటు మీద పరిచి నాలుగంచులూ టేపుతో మూసేయండి. మర్నాడు తీస్తే లోపల చెమ్మ బొట్లు కట్టినా, కాంక్రీటు నల్లబడినా అక్కడ చెక్క వద్దు. ఈ పరీక్ష ఏప్రిల్, మేల్లో చేస్తే మోసపోతారు. కాలువలు కట్టేసి ఉంటాయి కాబట్టి అప్పుడు ఏ బెడ్డయినా ఆరినట్టే కనిపిస్తుంది. ఊడ్పులయ్యాక, చేలల్లో నీళ్లు నిలిచి ఉన్నప్పుడు చూడాలి.

ఇక టేకు. చేవ ఉన్న టేకుకి వంక పెట్టలేం. 18 మిల్లీమీటర్ల పలకని నాలుగైదుసార్లు సాండింగ్ (మిషనుతో పైన అరగదీసి నునుపు చేయడం) చేయించుకోవచ్చు. చిక్కల్లా వెడల్పులో ఉబ్బడంతోనే. ముసురు పట్టిన నెలల్లో చెక్కలో తేమ 4 శాతం పెరిగిందనుకోండి, నాలుగంగుళాల పలక ముప్పాతిక మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. పదడుగుల గదిలో అలాంటివి 30 పడతాయి, అంటే మొత్తం రెండు సెంటీమీటర్లు. గోడల దగ్గర ఖాళీ వదలకపోతే ఆ రెండు సెంటీమీటర్లూ నేలని పైకెత్తేస్తాయి. ఏసీ గదిలో ఇదే తిరగబడి సందులు తేలతాయి. సామిల్లులో కోయించి నెలరోజులు నీడన పెట్టిన పలకలైతే చెప్పక్కర్లేదు. బట్టీలో ఆరబెట్టినవే, అదీ తేమ మీటరు పెట్టి చూశాకే తీసుకోవాలి. మండువా లోగిళ్లలో అటక చెక్కలు చెక్కుచెదరలేదు కదా అంటారు. వాటికి పైనా కిందా గాలి ఆడేది, కాంక్రీటు తగిలేది కాదు.

ఇంజనీర్డ్ వుడ్‌లో పొరలు అడ్డంగా నిలువుగా అతికి ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి కదలనివ్వవు. పైన 3, 4 మిల్లీమీటర్ల అసలు చెక్క ఉన్నదే కొనండి. 2 మిల్లీమీటర్లదైతే ఒక్క సాండింగ్‌తో సరి. లోపల ప్లై ఉండాలి, హెచ్‌డీఎఫ్ (చెక్క పీచుని అదిమి చేసిన పలక) కాదు. షాపువాళ్లిచ్చే శాంపిల్ ముక్కని రాత్రంతా నీళ్లలో ఉంచండి. పొద్దున అంచు అటుకుల్లా ఉబ్బితే అది హెచ్‌డీఎఫ్.

పై అంతస్తు పడగ్గదులకి నా ఓటు ఇంజనీర్డ్ వుడ్‌కే. కింద అంతస్తులో, పైగా పండక్కి బిందెలతో ఇల్లు కడిగే అలవాటున్న చోట, రెండూ వద్దు. చెక్క చూపే కావాలంటే ఎస్‌పీసీ (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలు) వేసుకోండి. హెచ్‌డీఎఫ్ మీద చెక్క బొమ్మ అచ్చేసిన లామినేట్ అద్దె ఇళ్లకి చాలు.

ఇంజనీర్డ్ వుడ్ వేయించేటప్పుడు: 10x12 గదికి 120 చదరపు అడుగులు, తరుగుతో 132 తెప్పించండి. పెట్టెలు ఆ గదిలోనే మూడు రోజులు పడుకోబెట్టి ఉంచాలి. ఆరడుగుల రూళ్లకర్ర వేస్తే కింద 3 మిల్లీమీటర్లకి మించి సందు కనబడకూడదు. కనబడితే ముందు లెవెలింగ్. కాంక్రీటుకి అతికించకుండా ఊరికే పరిచే పద్ధతైతే 200 మైక్రాన్ల పాలిథీన్ అతుకుల దగ్గర 8 అంగుళాలు ఒకదానిమీదొకటి ఎక్కాలి, దానిమీద ఫోమ్. గోడల చుట్టూ అర అంగుళం వదిలి, ఆ ఖాళీని గోడ అడుగున కొట్టే పట్టీతో (స్కర్టింగ్) కప్పాలి. సిమెంటు నింపే మేస్త్రీలున్నారు, దగ్గరుండి చూసుకోండి. పక్కపక్క వరసల్లో అతుకులు కనీసం 8 అంగుళాలు ఎడం ఉండాలి. జిగురుతో అతికించే పద్ధతైతే పాలిథీన్, ఫోమ్ ఉండవు. కాంక్రీటుకి తేమ ఆపే పూత వేసి, పీయూ (పాలీయురేథేన్) జిగురే వాడాలి. తెల్ల జిగురులోని నీళ్లు చెక్కే తాగేస్తుంది.

వానాకాలంలో పలకల అంచులు లేచి నడుమ గుంట పడితే వెంటనే సాండింగ్ చేయించకండి. ఎండలకి ఆరాక నడుమ ఉబ్బు తేలుతుంది. కారేది బాత్రూం పైపో, కిటికీ చట్రమో చూసి ఆపి, రెండు మూడు నెలలు ఆరనిచ్చాక మిషను పెట్టించండి.