సీజర్స్ ప్యాలెస్, లక్సర్: వేగాస్‌లో ఒక రోము, ఒక ఈజిప్టు

లాస్ వేగాస్‌లో ప్రాచీన చరిత్రను వేషంగా కట్టుకున్న రెండు కాసినో హోటళ్లివి.

సీజర్స్ ప్యాలెస్‌ను హోటళ్ల వ్యాపారి జే సార్నో 1966లో తెరిచాడు. ఇంగ్లిషు పేరులో ‘సీజర్ యొక్క’ అనిపించే చిహ్నాన్ని (అపాస్ట్రఫీని) కావాలనే వదిలేశాడు. మేడ ఒక్క సీజర్‌ది కాదు, గడప దాటిన ప్రతివాడూ సీజరేనట! జేబు ఖాళీ చేయబోయేవాడికి ముందే కిరీటం పెట్టడమన్న మాట. 1967 చివరి రోజున మోటారుసైకిలు సాహసికుడు ఈవెల్ కనీవెల్ ఇక్కడి ఫౌంటెన్ల మీదుగా మోటారుసైకిలు దూకించి, దిగేటప్పుడు పట్టుతప్పి ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. హోటలు పేరు మాత్రం మారుమోగింది.

లక్సర్ 1993 నాటిది. ముప్పై అంతస్తుల నల్లగాజు పిరమిడ్. గోడలే ఏటవాలు కాబట్టి లిఫ్టు కూడా 39 డిగ్రీల వాలులో పక్కకు జరుగుతూ పైకి పోతుంది. మొదటిసారి ఎక్కినవారి చెయ్యి తనంతట తానే గోడను వెతుక్కుంటుంది. రాత్రి శిఖరం నుంచి ఆకాశంలోకి లేచే వెలుగుకు పురుగులు, పురుగులకోసం గబ్బిలాలు చేరతాయి. లోపల పడవలు తిరిగే నైలు నది కూడా ఉండేది, కొన్నేళ్లకే ఎత్తేశారు. 2007 నుంచి ఈజిప్టు అలంకరణ చాలావరకు పోయింది.

నా ఓటు సీజర్స్‌కే. స్తంభాలు, విగ్రహాలు ఉన్న రోముకు కొత్త టవర్లు ఎన్నయినా అతుకుతాయి. పిరమిడ్‌కు ఆ వెసులుబాటు లేదు. లోపలి ఫరోలను పంపించేసినా, బయట స్ఫింక్స్ ఇంకా కాపలా కాస్తూనే ఉంది.