కూర్మన్నపాలెం దగ్గర చద్దన్నం బండి

సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి ఆరుంపావుకి గేటు దాటేసరికి నాకు ఆకలీ, కడుపులో మంటా రెండూ ఉండేవి. రాత్రంతా టీల మీద నడిపి, పొద్దున్నే పూరీలు తిని పడుకోవడం పదేళ్ళ అలవాటు. పొట్ట ఉబ్బరం, పుల్లటి త్రేన్పులు, విరేచనం సాఫీగా లేకపోవడం. జేబులో గ్యాస్ మాత్రల అట్ట లేకుండా డ్యూటీకి వెళ్ళిన రోజు లేదు. కిందటేడాది డాక్టరుగారు మందు రాస్తూ, "టీలు తగ్గించండి, పొద్దున పూట పెరుగన్నం లాంటిది తినండి" అన్నారు. అప్పటి నుంచి ఈ బండి దగ్గర ఆగుతున్నాను. ఏడాది దాటింది కాబట్టి ఇక ధైర్యంగా రాయొచ్చనిపించింది.

బండికి పేరు లేదు. విశాఖపట్నంలో కూర్మన్నపాలెం జంక్షన్ నుంచి గాజువాక వైపు వస్తుంటే వేపచెట్టు కింద ఉంటుంది. నడిపే ఆవిడది చోడవరం దగ్గర పల్లె. అందరూ అప్పా (అక్కా) అని పిలుస్తారు, నేనూ అంతే. గిన్నెడు చద్దన్నం 30 రూపాయలు, గ్లాసు చోడంబలి (రాగి అంబలి) 20. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవకాయ వాటితోనే వస్తాయి. నెత్తళ్ళ (చిన్న చేపల) వేపుడు కావాలంటే ఇంకో 20.

మొదటి రోజు అప్ప కుండ మీద మూత తీసినప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. కుండ అంచు చుట్టూ సన్నటి బుడగలు. వాసన పుల్లమజ్జిగ వాసన, అంతకు మించి ఏమీ లేదు. మెతుకు వేళ్ళతో నొక్కితే వెన్నలా నలిగింది. అప్ప గరిటె వాడదు, కొబ్బరిచిప్పతో తోడి స్టీలు గిన్నెలో వేసి, పైన మజ్జిగ పోసి, కళ్ళుప్పు చిటికెడు వేస్తుంది. "నిన్న సాయంత్రం వండి, చల్లార్చి, కాచిన నీళ్ళు పోసి ఉంచినాను తమ్ముడూ" అంది. ఎండాకాలం ఆ ఒక్క రాత్రి చాలట. డిసెంబర్లో మాత్రం ముందురోజు తరవాణి (అన్నం పులిసిన నీళ్ళు) గరిటెడు కలిపి, కుండకి గోనెపట్టా చుడుతుంది.

ఇది పొట్టకి ఎందుకు మంచిదో తర్వాత కాస్త చదివి తెలుసుకున్నాను. నీళ్ళలో నానిన అన్నాన్ని పట్టుకునే మంచి బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. పులుపు దానిదే. ఆ పులుపులో చెడ్డ క్రిములు అంత తేలిగ్గా పెరగలేవు. తినేముందు మళ్ళీ వేడి చెయ్యరు కాబట్టి ఆ బ్యాక్టీరియా బతికుండగానే మన లోపలికి వెళుతుంది. ఇడ్లీ పిండి కూడా పులిసినదే, తేలిగ్గా అరుగుతుంది, కానీ ఆవిరికి అందులో బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అంబలి సంగతీ అంతే. చోడిపిండి ముందురోజే కలిపి పులియబెట్టినా, పొద్దున నూకలతో ఉడికిస్తారు కదా. అందుకే అప్ప అంబలి బాగా చల్లారాకే మజ్జిగ కలుపుతుంది. బతికున్న బ్యాక్టీరియా ఆ మజ్జిగలోంచి వస్తుంది. వేడివేడిగా కావాలని తొందరపెట్టేవాళ్ళని నేను ఆపి మరీ చెబుతుంటాను.

ఇంకో సంగతి. పేగుల్లో ఉండే బ్యాక్టీరియాకి కూడా తిండి కావాలి. పచ్చి ఉల్లిపాయలో ఇనులిన్ అనే పీచు ఉంది. వండి చల్లార్చిన అన్నంలో పిండిపదార్థం కొంత చిన్నపేగులో అరక్కుండా పెద్దపేగు దాకా వెళుతుంది. ఆ బ్యాక్టీరియాకి మేత ఇవే. చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కు తినమన్న మా నాయనమ్మకి ఈ పేర్లేవీ తెలియవు. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 36 మందిని రెండు జట్లు చేసి 10 వారాలు చూశారు. పెరుగు లాంటి పులిసిన ఆహారం ఎక్కువగా తిన్న జట్టులో పేగు బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, ఒంట్లో లోపలి వాపుని (ఇన్‌ఫ్లమేషన్) సూచించే ప్రొటీన్లు తగ్గాయి. అందులో చద్దన్నం లేదు, కాబట్టి దానికీ అదే ఫలితం అని నేను అనను. నా మటుకు మూడు వారాలకి ఉబ్బరం తగ్గింది, రెండు నెలలకి డాక్టరుగారే మాత్ర ఆపమన్నారు. టీలు ఏడు నుంచి రెండుకి తగ్గించాను, దాని పాత్ర కూడా ఉంది.

బండి మీద నాకు నమ్మకం కుదిరింది మాత్రం మే నెలలో ఒకరోజు. ఎనిమిదిన్నరకి వెళ్ళాను, కుండలో ఇద్దరికి సరిపడా ఉంది. అప్ప చిప్పతో తోడి, వాసన చూసి, "పులిసిపోనాది తమ్ముడూ, నీకెయ్యను" అని మొత్తం కుడితి బకెట్లో పోసేసింది. నాకు అంబలి ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. ఇంట్లో చేసుకునేవాళ్ళూ ఇది గుర్తుపెట్టుకోండి. జిగురు సాగినా, పులుపు కాక వేరే వాసన వచ్చినా పారేయాలి. నీళ్ళు పోయకుండా రాత్రంతా బయట వదిలేసిన అన్నం చద్దన్నం కాదు, దానితో వాంతులు అవ్వొచ్చు. కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళు డాక్టర్ని అడిగాకే తినాలి.

నచ్చనివి మూడున్నాయి. గిన్నెలన్నీ ఒకే బకెట్లో ముంచి తీసేది. చెప్పాక రెండో బకెట్ పెట్టింది గానీ, రద్దీలో అది ఖాళీగానే ఉంటోంది. పార్సిల్ అడిగితే ప్లాస్టిక్ కవర్లో పోస్తుంది, అందుకే నేను స్టీలు క్యారేజీ పట్టుకెళ్తాను. ఆవకాయ, కళ్ళుప్పు రెండూ పడితే ఉప్పు ఎక్కువే. బీపీ ఉన్నవాళ్ళు ముందే చెబితే ఉప్పు లేకుండా ఇస్తుంది.

ఐదున్నరకి తీస్తుంది, తొమ్మిదికి ఏమీ మిగలదు. ఆదివారం ఉండదు. ఫోన్‌పే ఉంది. నెత్తళ్ళు కావాలంటే ఏడు లోపే వెళ్ళండి.