షో ఓపెన్ టేబుల్స్: ఆరేళ్ల వాడకం తర్వాత

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్ నడుస్తుండగా ఏ టేబుళ్లు తెరిచి ఉన్నాయో చూడటానికి ఆరేళ్లుగా షో ఓపెన్ టేబుల్స్ కమాండే వాడుతున్నాను. ఇన్‌_యూజ్ (టేబుల్ ఇప్పుడు వాడుకలో ఉందో లేదో చెప్పే సంఖ్య) సున్నా కంటే ఎక్కువున్నవే చూపమని షరతు పెడితే, వేల వరుసల్లోంచి నాలుగైదు మిగులుతాయి. ఏ టేబుల్ మీద ఒత్తిడి ఉందో చిటికెలో తెలుస్తుంది. ఇంత తేలికైన సాధనం మరొకటి నాకు దొరకలేదు.

అయితే ఆ సున్నాని నమ్మడంలో జాగ్రత్త కావాలి. ఒక రాత్రి పెద్ద టేబుల్‌కి కాలమ్ చేర్చాల్సి వచ్చింది. ఇన్‌_యూజ్ చూస్తే సున్నా. ఎవరూ వాడటం లేదనుకుని ఆల్టర్ (టేబుల్ నిర్మాణం మార్చే కమాండ్) ఇచ్చాను, అది కదల్లేదు. దాని వెనకాలే డేటా చదివే మామూలు సెలెక్ట్‌లు కూడా బారులు తీరాయి. ప్రాసెస్‌లిస్ట్ (కనెక్షన్ల జాబితా) నిండా ‘వెయిటింగ్ ఫర్ టేబుల్ మెటాడేటా లాక్’ అనే మాటే. అంటే టేబుల్ నిర్మాణాన్ని కాపాడే లాక్ కోసం ఎదురుచూపు. చివరికి తేలిందేమిటంటే, ఒక కనెక్షన్ ట్రాన్సాక్షన్ (ఒకటిగా ముగించాల్సిన పనుల వరుస) మొదలుపెట్టి, ఆ టేబుల్‌ని ఒకసారి చదివి, కమిట్ చేయకుండా (అంటే దాన్ని ముగించకుండా) స్లీప్‌లో ఉండిపోయింది. స్టేట్‌మెంట్ అయిపోగానే టేబుల్, తెరిచిన టేబుళ్లను దాచి ఉంచే క్యాష్‌లోకి తిరిగి వెళ్తుంది కాబట్టి ఇన్‌_యూజ్ సున్నా అవుతుంది. మెటాడేటా లాక్ మాత్రం ట్రాన్సాక్షన్ ముగిసేదాకా వీడదు. పైగా లాక్‌_వెయిట్‌_టైమౌట్ (లాక్ కోసం ఆగే గరిష్ఠ సమయం) డిఫాల్ట్ 3,15,36,000 సెకన్లు, అంటే అక్షరాలా ఏడాది! ఇప్పుడు ఆల్టర్‌కి ముందు నా సెషన్‌లో దాన్ని 5 సెకన్లకు తగ్గించుకుంటున్నాను.

అప్పటి నుంచి, సర్వర్ లోపలి పనితీరును నమోదు చేసే పెర్ఫార్మెన్స్ స్కీమాలోని మెటాడేటా‌_లాక్స్ టేబుల్‌ని కూడా తప్పకుండా చూస్తాను. వెర్షన్ 8.0లో అది డిఫాల్ట్‌గానే పనిచేస్తుంది, 5.7లో మనమే ఆన్ చేయాలి. లాక్ ఎవరి చేతిలో ఉంది, ఎవరు ఎదురుచూస్తున్నారు అనేవి రెండూ అందులో కనిపిస్తాయి. ఒక్క మెలిక ఉంది: అందులో ఉండే థ్రెడ్ ఐడీ, కనెక్షన్‌ని తెంచే కమాండైన కిల్‌కి ఇవ్వాల్సిన కనెక్షన్ ఐడీ ఒకటి కావు. థ్రెడ్స్ టేబుల్‌తో జాయిన్ చేసి ప్రాసెస్‌లిస్ట్ ఐడీ తీసుకోవాలి. హడావిడిలో ఇది మరిస్తే వేరే కనెక్షన్ తెగిపోయే ప్రమాదముంది. సిస్ స్కీమాలోని స్కీమా‌_టేబుల్‌_లాక్‌_వెయిట్స్ వ్యూ అయితే కిల్ వాక్యాన్ని కూడా రాసిపెట్టి ఇస్తుంది.

ఇక క్యాష్ సంగతి. ఇప్పుడు తెరిచి ఉన్న టేబుళ్ల లెక్క చెప్పే ఓపెన్‌_టేబుల్స్ సంఖ్య టేబుల్‌_ఓపెన్‌_క్యాష్ హద్దుకి చేరితే మొదట్లో కంగారుపడేవాణ్ని. క్యాష్ నిండటం మామూలే. చూడాల్సింది, ఇప్పటిదాకా తెరిచిన టేబుళ్ల మొత్తం లెక్క అయిన ఓపెన్డ్‌_టేబుల్స్ ఎంత వేగంగా పెరుగుతోందన్నది. ప్రతి సెషన్‌కీ తెరిచిన టేబుల్ తాలూకు తన సొంత ప్రతి కావాలి కాబట్టి, 200 కనెక్షన్లు ఒకేసారి మూడు టేబుళ్ల జాయిన్ నడిపితే 600 దాకా కావాలి. 8.0లో ఆ హద్దు డిఫాల్ట్ 4000. దాన్ని పెంచేముందు ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ఫైల్ డిస్క్రిప్టర్ల (ఒకేసారి తెరవగల ఫైళ్ల) పరిమితి చూసుకోండి.

టెంపరరీ టేబుళ్లు షో ఓపెన్ టేబుల్స్ జాబితాలో రావు. టేబుల్‌ని ఏ సెషన్ తెరిచిందో, ఎప్పటి నుంచి తెరిచి ఉందో కూడా ఇది చెప్పదు. ఆ రెండు వివరాలూ ఉంటే ఆ రాత్రి నాకు అంతసేపు పట్టేది కాదు.