గెలాక్సీ రాయి మీద మూడు చిన్న కెమెరాలు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

చీమకుర్తి దగ్గర ఒక పాలిష్ ఫ్యాక్టరీ స్టాక్ యార్డులో పనిచేస్తాను. లైను నుంచి స్లాబులు దిగాక కొలతలు రాసుకోవడం, ఫొటోలు తీసి బయ్యర్లకు పంపడం నా పని. మా రాయి సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: బయటి దేశాల్లో దీన్ని బ్లాక్ గెలాక్సీ అంటారు. నల్లటి ఒంటి మీద బంగారు రంగు చుక్కలు. అవి బంగారమేం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. చుక్క ఎంత లావుంది, ఎంత ఒత్తుగా పడింది అన్నదే బయ్యరు చూస్తాడు. ఫొటోలో చుక్క మాయమైతే బేరం రాదు. లేని మెరుపు కనబడితే కంటెయినర్ దిగాక పేచీ.

అందుకే కెమెరాల మీద నా తీర్పు సెలవులకి ఊళ్లు తిరిగేవాళ్ల తీర్పులా ఉండదు. ముందే చెబుతున్నాను.

2017లో మొదట కొన్నది కేనన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్620 హెచ్‌ఎస్. 25 రెట్ల జూమ్, 20 మెగాపిక్సెళ్లు, 182 గ్రాములు. చొక్కా జేబులో పట్టేస్తుంది. షాపులో అది చూసి మురిసిపోయాను. ఎండలో బయట నిలబెట్టిన స్లాబుకి బాగానే తీసింది. షెడ్డులోకి వెళ్లాక అసలు రంగు తెలిసింది. లెన్సు బాగా తెరుచుకుంటే ఎఫ్3.2, జూమ్ చివరికి పోతే ఎఫ్6.6 (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత వెలుతురు). వెలుతురు చాలక ఐఎస్ఓ, అంటే వెలుతుర్ని పెంచి చూపే అంకె, పెంచుకుంటుంది, పెంచితే నాయిస్, అంటే ఫొటోలో గింజలు, వస్తుంది, ఆ నాయిస్‌ని కెమెరా తనే తుడిచేస్తుంది. మామూలు ఫొటోకి అది మంచిదే. మా రాయికి మాత్రం అదే శాపం. చీకట్లో పుట్టిన నాయిస్ గింజ ఏదో, రాయిలో ఉన్న చిన్న చుక్క ఏదో దానికెలా తెలుస్తుంది? రెండూ కలిపి తుడిచేస్తుంది. స్లాబులో వేలెడు జాగాలో నేను కంటితో పదిహేను చుక్కలు లెక్కపెడితే, ఫొటోలో పెద్దవి ఆరో ఏడో మిగిలేవి. మిగతా చోటంతా తారు పూసినట్టు నున్నగా ఉండేది. ఇందులో రా ఫైలు (కెమెరా తుడవకుండా, మార్చకుండా దాచే ఫొటో) కూడా లేదు, ఇంటికొచ్చి సరిచేసుకుందామన్నా కుదరదు.

2019లో సోనీ ఆర్‌ఎక్స్100 కొన్నాను, సెకండ్ హ్యాండ్. 2012లో వచ్చిన మొట్టమొదటి మోడల్. "ఏడేళ్ల పాత కెమెరాకి 14,000 పోశావా?" అని ఇంట్లో చీవాట్లు. అదీ 20 మెగాపిక్సెళ్లే. మరి తేడా ఎక్కడంటే వెలుతుర్ని పట్టే సెన్సర్‌లో. ఎస్‌ఎక్స్620 సెన్సర్ దాదాపు 28 చదరపు మిల్లీమీటర్లు, దీనిది 13.2 బై 8.8, అంటే 116. నాలుగెకరాలకు సరిపోయే నారుని ఒక్క ఎకరంలో కుక్కితే ఎలా ఉంటుందో మొదటిది అలా ఉంటుంది. పైగా ఈ లెన్సు ఎఫ్1.8 దాకా తెరుచుకుంటుంది. ఎఫ్3.2తో పోలిస్తే మూడింతల వెలుతురు. రెండూ కలిస్తే షెడ్డులో అంత తేడా ఎందుకుండదు?

ఒక సాయంత్రం రెండు కెమెరాలనీ ఒకే స్టాండు మీద, ఒకే స్లాబు ముందు పెట్టాను. స్లాబుకి ఒక మూల సుద్దముక్కతో జానెడు గడి గీసి, ఆ గడిని ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూశాను. ఆర్‌ఎక్స్100 రా ఫైల్లో ఇసుక రేణువంత చుక్కలు కూడా విడివిడిగా ఉన్నాయి. చుక్క అంచున రంగు ఎక్కడ ఇటుక రంగుగా మారుతుందో కూడా తెలుస్తోంది. వెనక నుంచి మా మేస్త్రీ వచ్చి, "ఏంది సామీ, రాయికి పెళ్లి ఫొటోలు తీస్తున్నావా?" అన్నాడు. స్క్రీన్ చూపించాను. రెండోదాని మీద వేలు పెట్టి, "ఇదీ మన రాయి" అని వెళ్లిపోయాడు. నాకు ఆ మాట చాలు.

ఇక్కడ కెమెరా గొప్ప ఒక్కటే కాదు, తీసే తీరు కూడా ఉంది. నల్లరాయిని చూస్తే ఏ కెమెరా అయినా చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, రాయి కాస్తా బూడిద రంగులోకి పోతుంది. ఎక్స్‌పోజర్‌ని (ఫొటో వెలుగుని) ఒక మెట్టు, అంతకన్నా కాస్త ఎక్కువ తగ్గించి పెట్టుకోవాలి. యార్డు మీద నీలం పట్టా కప్పి ఉంటే రాయికి నీలం ఛాయ కొడుతుంది. స్లాబు మీద తెల్లకాగితం ఆనించి వైట్ బ్యాలెన్స్ పట్టుకుంటే, అంటే తెలుపు ఏదో కెమెరాకి చూపిస్తే, పోతుంది. ఫ్లాష్ జోలికి వెళ్లొద్దు, నడిమధ్య తెల్లటి మచ్చ పడుతుంది. అసలు తలనొప్పి మన నీడే: పాలిష్ రాయి అద్దం, ఎదురుగా నిలబడితే నేనూ, నా లుంగీ, వెనక లారీ అన్నీ అందులోనే. పోలరైజర్, అంటే మెరుపు తగ్గించే అద్దం, లెన్సు ముందు పెడితే పోతుందని విని 49 ఎంఎం అడాప్టరు అతికించి చూశాను. పక్కనుంచి ఏటవాలుగా తీస్తే ప్రతిబింబం నిజంగానే తగ్గింది, తిన్నగా ఎదురుగా నిలబడితే ఏమీ చెయ్యలేదు. చివరికి ఇద్దరు కుర్రాళ్లు నా ముందు నల్ల దుప్పటి పట్టుకుని నిలబడడమే మందు. కెమెరా ఒక్కటి బయటికి కనపడేలా మధ్యలో చిల్లు పెట్టాం. ఆ దుప్పటి ఇప్పటికీ ఉంది, ఖరీదు 250.

ఆర్‌ఎక్స్100లో నచ్చనివి లేకపోలేదు. ఒళ్లంతా నున్నగా ఉంటుంది, చెమట చేతికి జారుతుంది. స్క్రీన్ కదలదు, నేల మీద పరిచిన స్లాబులు తీయాలంటే నేనే వంగాలి. జూమ్ చెయ్యకుండా 28 ఎంఎం దగ్గర ఎఫ్1.8 అన్న మాట నిజమే గానీ, చివరికి, 100 ఎంఎంకి, జూమ్ చేస్తే ఎఫ్4.9కి పడిపోతుంది. మంచి సంగతి ఒకటి, పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ తీగతోనే చార్జింగ్ అవుతుంది.

2021లో మూడోది, కేనన్ జి7ఎక్స్ మార్క్ 2. సెన్సర్ సైజు సోనీదే, ఒక అంగుళం రకం అని పేరు. లెన్సు 24 నుంచి 100 దాకా, 100 దగ్గర కూడా ఎఫ్2.8. అంటే జూమ్ చివర సోనీకన్నా మూడింతల వెలుతురు. స్క్రీన్ పైకి పూర్తిగా తిరుగుతుంది, వేలితో తాకి ఫోకస్ పెట్టొచ్చు, చేత్తో పట్టుకోవడానికి గ్రిప్ ఉంది. కానీ 319 గ్రాములు. జేబు జారుతుంది. బ్యాటరీకి, కంపెనీ చెప్పిన లెక్కలోనే, 265 ఫొటోలు, సోనీకి 330. 4కే వీడియో లేదు. ఇంక స్లాబు ఫొటోల్లో రెండింటికీ తేడా పట్టుకోమంటే, నిజం చెబుతున్నాను, ఎఫ్4 దగ్గర స్టాండు మీద పెట్టి తీసినవాటిలో నేనే పట్టుకోలేను.

తేడా తెలిసింది నెల్లూరులో. మొహర్రం రోజుల్లో రొట్టెల పండగకి బారా షహీద్ దర్గాకి ఇంటిల్లిపాదీ వెళ్లాం. స్వర్ణాల చెరువు గట్టున దీపాలు వెలిగే వేళకి జనం కిక్కిరిసి ఉన్నారు. నీళ్లలో నిలబడి మా మరదలు ఎవరో పెద్దావిడ దగ్గర రొట్టె పుచ్చుకుంటోంది. పక్కకి పోయి జూమ్ చేసి తీశాను. ఇద్దరి చేతులూ, రొట్టె మీద కాలిన మచ్చలూ స్పష్టంగా వచ్చాయి. ఆర్‌ఎక్స్100తో అయితే ఐఎస్ఓ ఒకటిన్నర మెట్టు పైకి పోయేది, ఆ మచ్చలు పోయేవి. బామ్మర్ది అది చూసినప్పటి నుంచి "బావా, అది నాకిచ్చెయ్యి" అని వెంటపడుతున్నాడు.

ఎస్‌ఎక్స్620ని తిట్టాను గానీ దానికీ ఒక రోజు వచ్చింది. నేలపట్టులో చెట్ల మీద గూడబాతుల గూళ్లు చూడ్డానికి వెళ్తే, 625 దాకా పోయే జూమ్ ముందు మిగతా రెండూ చేతులెత్తేశాయి. పొద్దున్న పది గంటల ఎండలో ముక్కు కింద సంచి కూడా కనబడింది. బండలాగుడు పందేలకి మాత్రం తీసుకెళ్లకండి, గిత్తలు గీత దాటాక క్లిక్‌మంటుంది.

ఇప్పుడు నా తెలివితక్కువతనం. వీటిలో ఒకదాన్ని, ఏదని చెప్పను, తప్పు కెమెరాది కాదు, రాయి కోసే కట్టరు పక్కనే ఆన్ చేసి ఆఫ్ చేసి వాడాను. లెన్సు బయటికొచ్చి లోపలికి పోయే ప్రతిసారీ సైకిల్ పంపులా గాలిని పీల్చుకుంటుంది, గాలితో పాటు రాతిపొడినీ. నెల తిరిగేసరికి ప్రతి ఫొటోలో కుడిపక్కన ఒకే చోట మసక మచ్చ. బాగుచేసే చోట అడిగితే సెకండ్ హ్యాండ్ కెమెరా ధరంత చెప్పారు. ఒంగోలులో ఒక కుర్రాడు విప్పి తుడిచి 1,800 తీసుకున్నాడు. మచ్చ పోయింది, జూమ్ చేస్తే మాత్రం కిర్రుమంటుంది. అప్పటి నుంచి కట్టరు ఆగితేనే కవరు లోంచి తీస్తాను.

"ఫోన్ చాలదా అన్నా?" అని అడుగుతారు. ఎండలో, వాట్సాప్‌లో చూసుకోవడానికి చాలు. షెడ్డులో ఫోన్ కూడా చుక్కల్ని నునుపు చేస్తుంది, కొన్నిటికి అంచులు చెక్కి లేని పదును తెస్తుంది. పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే ఏ కెమెరాతో తీసినా వాట్సాప్ పిండేస్తుంది.

డబ్బు లెక్కకొస్తే, సరుకు ఫొటోలకి, నగలకి, చీరలకి, రాయికి ఆర్‌ఎక్స్100 పాతది దొరికితే కళ్లు మూసుకుని కొనండి. కళ్లు తెరిచి లెన్సు మాత్రం చూడండి: ఆకాశానికి పెట్టి ఎఫ్11లో ఒక ఫొటో తీస్తే దుమ్ముంటే మచ్చలు బయటపడతాయి. ఇంట్లో పిల్లలు, రాత్రి పెళ్లిళ్లు ఉంటే జి7ఎక్స్. కానీ ఈమధ్య కుర్రకారు దాని వెంటపడి పాతవాటి ధర కూడా పెంచేశారు, ఆ ధరకైతే నేను మళ్లీ కొనను. ఎస్‌ఎక్స్620 ఇంట్లో ఉంటే అమ్మకండి. కొనకండి కూడా.

జి7ఎక్స్ పోయిన నెల బామ్మర్దికి ఇచ్చేశాను, సగం డబ్బు ఇంకా రావాలి.