ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదా? ఎస్పీ రోడ్ రిపేర్ షాపుల మీద మా మాట

బెంగళూరు ఎస్పీ రోడ్‌లో బోర్డు స్థాయి రిపేర్ (మదర్‌బోర్డు మొత్తం మార్చకుండా దాని మీది చిన్న భాగాలు బాగుచేయడం) చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, పనితనం మాత్రం షాపుకో రకం. మంచి షాపులో మీ ముందే కొలుస్తారు. ముందు మల్టీమీటర్‌తో (వోల్టేజీ కొలిచే మీటర్) చార్జర్ చూస్తారు: 19 వోల్టులదైతే దాదాపు అంతే చూపాలి. టైప్-సి చార్జర్‌ని విడిగా కొలిస్తే లాభం లేదు, ల్యాప్‌టాప్‌కి పెట్టి యూఎస్‌బీ మీటర్‌లో చూడాలి.

తర్వాత చార్జర్, బ్యాటరీ కనెక్టర్ రెండూ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టి, చార్జర్ ఒక్కదాని మీదే ఆన్ చేస్తారు. లైటు వెలిగినా తెర నల్లగానే ఉంటే అనుమానం ర్యామ్ (మెమరీ పట్టీ) మీదికే వెళ్లాలి. దాన్ని తీసి, బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, టక్కుమనేదాకా నొక్కి పెడితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

లైటే రాకపోతే బోర్డులో షార్ట్ (కరెంటు దారి తప్పి నేరుగా కలిసిపోయిన చోటు) వెతకాలి. ఒక్కోసారి ఆవగింజంత కెపాసిటర్ అనే భాగం మారిస్తే సరిపోతుంది. అందుకే మీటర్ పట్టకుండానే "మదర్‌బోర్డు పోయింది సార్" అనే చోట అస్సలు ఇవ్వకండి.

ల్యాప్‌టాప్ వదిలి వచ్చేముందు మీ ఫైళ్లుండే ఎస్ఎస్‌డీ తీయించుకోండి. బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉంటే, బోర్డు మారాక రికవరీ కీ అడుగుతుంది, అదీ దగ్గర ఉంచుకోండి.