కింగ్స్ ప్యాటర్న్ వెండి చెంచాలు: ఏళ్ల తరబడి వాడాక

విక్టోరియా కాలం నాటి కింగ్స్ ప్యాటర్న్ (కాడ నిండా నగిషీ ఉండే ఇంగ్లిష్ డిజైను) వెండి చెంచాలు, ఫోర్కులు మా ఇంట్లో రోజూ వాడతాం. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల వేలాల్లో విడివిడిగా కొన్నవి. చేత్తో తినేవాళ్లకి ఇవెందుకని అమ్మ అడిగింది. ఎక్కువగా వడ్డించడానికే వాడతాం. షోకేసు కోసమైతే ఇంత నగిషీ ఉన్నవి కొనమని చెప్పను, వాడుకునేవాళ్లకైతే ధైర్యంగా చెబుతాను.

ముందు తెలిసేది బరువు. పెద్ద చెంచా వంద గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. కాడ చివర ఆల్చిప్ప, కింద తీగపువ్వు, అంచుల వెంట చుట్టలు. చేత్తో చెక్కింది కాదు, ఉక్కు అచ్చుల మధ్య పెట్టి కొట్టింది. ఇంగ్లండ్ పనిలో మామూలుగా వెనకవైపూ నగిషీ ఉంటుంది కాబట్టి తడి చేత్తో పట్టుకున్నా జారదు. సాదా కాడ మీద కొట్టొచ్చినట్టు కనిపించే గీతలు దీనిమీద పువ్వుల్లో కలిసిపోతాయి.

కొనేటప్పుడు ముందు ఆల్చిప్ప నగిషీలోని గీతలు వేలితో తడిమి చూస్తాను. నున్నగా తగిలితే ఎవరో తోమి తోమి అరగదీశారన్నమాట. తర్వాతే హాల్‌మార్క్ ముద్రలు. నడిచే సింహం ఉంటే స్టెర్లింగ్, అంటే నూటికి 92.5 పాళ్లు వెండి. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో, చిరుతపులి తల ఉంటే లండన్‌లో పరీక్షించి ముద్ర వేసింది. పక్కనున్న అక్షరం ఏ సంవత్సరమో చెబుతుంది. అప్పట్లో వెండి మీద పన్ను కట్టినట్టు గుర్తుగా రాణి తల కూడా ఉంటే 1890 దాటదు. ఈపీఎన్ఎస్ అని ఉంటే వేరే లోహం మీద వెండి పూత మాత్రమే.

ఆవకాయ దగ్గరికి మాత్రం వీటిని రానివ్వను. ఆవపిండిలో వెండిని నల్లబరిచే గంధకం, పైగా బోలెడు ఉప్పు. గుడ్డూ అంతే. ఆమ్లెట్ తిన్న ఫోర్కు వెంటనే కడక్కపోతే మొనలు ముందు పచ్చబడి, తర్వాత నల్లబడతాయి. పప్పన్నానికి, పెరుగన్నానికి ఏ ఇబ్బందీ లేదు. అసలు రోజూ వాడి కడిగేవి పెద్దగా నల్లబడవు, సొరుగులో పడి ఉన్నవాటికే ఆ బాధ.

కత్తులు మాత్రం దండగ. పిడి పలచటి వెండి రేకు, లోపల బోలు. అందులో లక్కలాంటి జిగురు పోసి బ్లేడు దిగేస్తారు. వేడినీళ్లలో నానితే అది మెత్తబడి బ్లేడు ఊగుతుంది. పైగా నగిషీ ఎత్తుగా ఉన్నచోటే రేకు అరిగి చిల్లు పడుతుంది. మేం స్టీలు కత్తులకే మారిపోయాం.

శుభ్రం చేయడం గురించి ఒక మాట. విభూతి, టూత్‌పేస్టు వద్దు, రెండూ గరుకే. వేడినీళ్లలో సోడా, అల్యూమినియం ఫాయిల్ వేసి ముంచే చిట్కా బాగానే పనిచేస్తుంది కానీ, సందుల్లోని నలుపంతా లాగేస్తుంది. ఆ నలుపు లేకపోతే పువ్వు తేలదు, కొత్త స్టీలు సామానులా వెలవెలబోతుంది. మెత్తటి గుడ్డతో పైపైన తుడిస్తే చాలు.

పూర్తి సెట్టే కావాలని పట్టుబడితే ధర బాగా పెరుగుతుంది. విడి చెంచాలు చాలాసార్లు వెండి ధరకు కాస్త అటూ ఇటూగా దొరుకుతాయి. వేర్వేరు పనివాళ్లవైనా వడ్డించేటప్పుడు ఎవరూ పోల్చి చూడరు.