బీర పందిరికి పండు ఈగ ఎర బుట్ట: కొనండి, కానీ లోపల ఏ ఎర ఉందో చూసి కొనండి

బీర, కాకర, ఆనప, దోస పాదులున్న వాళ్ళు పండు ఈగ ఎర బుట్టలు, అంటే వాసనతో ఈగల్ని లోపలికి లాగి చంపే ప్లాస్టిక్ బుట్టలు, కచ్చితంగా కొనండి. ఒక్కోటి రెండు వందల లోపే వస్తుంది, సీజనంతా మందు కొట్టే ఖర్చు ముందు అదెంత. కానీ షాపులో చేతికిచ్చింది తీసుకుని వచ్చేయకండి. విశాఖలో ఒక షాపులో బీర పందిరికి కావాలని స్పష్టంగా చెప్పినా మాకు మామిడి తోటలకి పెట్టే మిథైల్ యూజినాల్ అనే ఎర ఉన్న బుట్ట ఇచ్చారు. అందులో ఈగలు పడలేదని కాదు, పక్కనే మామిడి చెట్లున్నాయి కాబట్టి బాగానే పడ్డాయి, బీర పిందెలు మాత్రం ఎప్పటిలాగే వంకర తిరిగి కుళ్ళిపోయాయి. తీగ కూరగాయల్ని పాడుచేసే ఈగకి కావాల్సింది క్యూ లూర్ అనే ఎర. మామిడి ఈగ వేరు, బీర ఈగ వేరు, దేని మగ ఈగ దాని వాసనకే వస్తుంది. రైతులకి సరుకు అమ్మేవాళ్ళకి ఈ మాత్రం తెలియకపోతే ఎలా?

ఆనందపురం దగ్గర మా పందిట్లో క్యూ లూర్ బుట్ట కట్టాక తేడా కంటికి కనిపించింది. అడుగున పడిన ఈగల్ని చూస్తే ఏవో గుర్తుపట్టొచ్చు: పసుపు, గోధుమ కలిసిన ఒళ్ళు, రెక్క చివర నల్లటి మచ్చ. ఆడ ఈగ పిందెని పొడిచిన చోట సూది మొనంత చుక్క ఉండి, దాంట్లోంచి కారిన బంక గట్టిపడి ఉంటుంది. ఆ పిందెని కోస్తే తెల్లటి పురుగులు, ముదిరినవైతే నేల మీద పడగానే ఒళ్ళు విల్లులా వంచి ఎగిరి దూకుతాయి, తర్వాత మట్టిలోకి దూరి కోశమైపోతాయి, ఆ కోశంలోంచే మళ్ళీ ఈగలు వస్తాయి. అందుకే పుచ్చిన కాయల్ని పాదు కిందే వదిలేస్తే ఎన్ని బుట్టలు కట్టినా దండగే. ఏరి, కవర్లో కట్టి ఎండలో పెట్టండి, లేదా లోతుగా పూడ్చండి.

ఈ బుట్టలో పడేవన్నీ మగ ఈగలే, అది దీని పరిమితి. అప్పటికే జతకట్టిన ఆడ ఈగ పక్క చేలోంచి వచ్చి పొడిస్తే బుట్ట ఏం చేయలేదు. మన ఒక్కరి పందిరికి కడితే సగం ఫలితమే, చుట్టుపక్కల వాళ్ళు కూడా కట్టాలి.

ఇదే ఈగని జపాన్ వాళ్ళు ఒకినావా దీవుల్లో అసలు లేకుండా చేశారు. ముందు క్యూ లూర్‌తోనే మగ ఈగల్ని బాగా తగ్గించి, ఆ తర్వాత ఫ్యాక్టరీలో కోట్ల కొద్దీ ఈగల్ని పెంచి, కోశ దశలో కోబాల్ట్-60 గామా కిరణాలు పెట్టి, పిల్లలు పుట్టని ఈగల్ని వదిలారు. వాటితో జతకట్టిన ఆడ ఈగ గుడ్లు పెట్టినా పొదగవు, అలా తరం తరానికీ తగ్గుతూ 1993 కల్లా మొత్తం పోయాయి. అంతకుముందు ఈ ఈగ భయంతో అక్కడి కాకరకాయల్ని జపాన్ ప్రధాన భూభాగానికి రానిచ్చేవారు కాదు, ఈగ పోయాక ఆ అడ్డు తొలగి పంపడం మొదలుపెట్టారు. కాకర పండించేవాళ్ళకి ఇది ఎంత పెద్ద మాటో చెప్పక్కర్లేదు. ఈ పద్ధతి మొదట రుజువైంది కూడా దీవిలోనే, 1954లో కరీబియన్ సముద్రంలోని కురసావ్‌లో, పశువుల పుండ్లలో పురుగు పెట్టే స్క్రూవార్మ్ ఈగ మీద. చుట్టూ నీళ్ళుంటే బయటి ఈగలు తేలిగ్గా రావు. మన ఆనందపురం, పెందుర్తి వైపు చేలన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, ఇక్కడ అలా చేయాలంటే మండలాలకి మండలాలు కలిసి రావాలి, ప్రభుత్వమే పూనుకోవాలి. చేస్తే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, మందు కొట్టిన బీరకాయ మన పిల్లలే తింటున్నారు.

అందాకా ఈ బుట్టే. పూత మొదలయ్యేసరికే కట్టేయండి, కాయలు పాడవడం మొదలయ్యాక కడితే లాభం తక్కువ. వాన నీళ్ళు పడని మూత ఉన్నది చూసుకోండి, మా దానికి మూత వదులు, గాలివానకి లోపలంతా నీళ్ళే. ఎరలో నానబెట్టిన చెక్క ముక్కలో సాధారణంగా పురుగుమందు కూడా ఉంటుంది, చేత్తో ముట్టుకుంటే సబ్బుతో కడుక్కోండి, పిల్లలకి అందనివ్వకండి.

ఇంకో ఫిర్యాదు. ఎర అయిపోయాక ఆ ముక్క ఒక్కటే అడిగితే విడిగా లేదు, బుట్ట మొత్తం కొనమన్నారు. మంచి ప్లాస్టిక్ బుట్ట పారేసి మళ్ళీ అదే కొనడం అన్యాయం. విశాఖలో క్యూ లూర్ ముక్కలు విడిగా అమ్మే షాపు ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి, మా వీధిలో అందరం కలిసి ఒకేసారి తెచ్చుకుంటాం.